తీపి కారం పూతతో కాల్చిన గెనుసుగడ్డలు: కొనడం నుంచి వడ్డించడం దాకా

ముక్కలు కోసి, నూనె, బెల్లం, కారం అన్నీ ఒకేసారి పట్టించి ఓవెన్‌లో పెడితే ఇరవై నిమిషాలకల్లా ఇల్లంతా మాడు వాసన కొడుతుంది. తీసి చూస్తే పైన బొగ్గు, లోపల పచ్చి. గెనుసుగడ్డ లోపలిదాకా మెత్తబడి రంగు తేలాలంటే ముప్పావుగంట పైనే పడుతుంది. బెల్లం మాడడానికి పది నిమిషాలు కూడా అక్కర్లేదు. ఈ రెండింటినీ ఒకేసారి వేడిలోకి తోస్తే ఏదో ఒకటి చెడక తప్పదు. అందుకే గడ్డను ముందు ఒంటరిగా కాల్చుకోవాలి, పాకం వేరే గిన్నెలో కాచుకోవాలి, రెండింటినీ చివరి పది నిమిషాల్లో కలపాలి. ఈ వరస తప్పకపోతే మిగతావన్నీ మీ ఇంటి రుచిని బట్టి మార్చుకోవచ్చు.

కోస్తా వాళ్ళకు చిలగడదుంప, తెలంగాణ వాళ్ళకు కందగడ్డ. తిరుపతి, చిత్తూరు వైపు గెనుసుగడ్డ అంటాం కాబట్టి ఇక్కడ అలాగే రాస్తున్నాను.

సంక్రాంతి ముందు నుంచి శివరాత్రి దాకా మా సంతల్లో వీటికి కొదవ ఉండదు. ఎక్కువ ఇళ్ళలో కాస్త ఉప్పేసి ఉడకబెట్టి, తోలు తీసి తినేయడమే. పండగ కలగూరలో నాలుగు ముక్కలు పడతాయి. అంతకుమించి పెద్దగా ఏమీ చేయం. ఈ వంటకు కావలసిన మిగతా సరుకు కూడా దూరం నుంచి తేవాల్సిన పని లేదు. చిత్తూరు బెల్లం, చింతపండు, చెనిక్కాయల (వేరుశెనగ) నూనె, ఎండు మిరపకాయలు ఏ అంగట్లోనైనా దొరుకుతాయి. తమాషా ఏమంటే గెనుసుగడ్డ, మిరపకాయ, చెనిక్కాయ మూడూ అమెరికా ఖండాల్లో పుట్టినవే. యూరోపు ఓడలు తిరగడం మొదలయ్యాక మన దాకా వచ్చాయి. ఇప్పుడు ఆ మూడూ లేని సీమ వంటిల్లు ఎక్కడుంది?

గడ్డలు ఎంచుకోవడం

మన దగ్గర ఎక్కువగా దొరికేది ఎర్ర తోలు, లోపల తెలుపు లేదా లేత పసుపు ఉండే రకం. పిండి ఎక్కువ, నీరు తక్కువ. కాల్చడానికి ఇదే మంచిది. ముక్క అంచు నిలబడుతుంది, పాకం పట్టించినా చితికిపోదు. తోలు కూడా తెల్లగా ఉండే రకాలు అక్కడక్కడా వస్తాయి, వాటితోనూ బాగానే వస్తుంది. సూపర్ మార్కెట్లలో కనిపించే నారింజ రంగు గడ్డ వేరే సంగతి. అందులో బీటా కెరోటిన్ ఎక్కువ, చూడ్డానికి అందంగా ఉంటుంది, కానీ నీరు ఎక్కువ కాబట్టి కాలేసరికి మెత్తగా జారిపోతుంది. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ విడుదల చేసిన భూ సోనా నారింజ రకమే, భూ కృష్ణ ఊదా రంగు రకం. అవి దొరికితే వాడండి, కానీ ముక్కలు కాస్త పెద్దవిగా కోసుకోండి.

రైతుబజారులో కొనేటప్పుడు బుట్ట పైనున్నవి ఏరుకుని వచ్చేయకండి. “పిండి గడ్డలే సామీ, కావాలంటే విరిచి చూసుకో” అని అమ్మే ఆమే అంటుంది. మొహమాటపడకుండా “అయితే ఒకటి విరిచి చూపించక్కా” అనండి. తాజా గడ్డను అడ్డంగా విరిస్తే తోలుకు కాస్త లోపలగా తెల్లటి పాలు సన్న సన్న చుక్కలుగా తేలతాయి. వేలికి జిగటగా తగులుతుంది. పాలు రాకుండా పొడిగా, బెండులా ఉంటే తవ్వి చాలా రోజులైనట్టు. అలాంటి గడ్డ ఉడికినా పీచు పీచుగానే ఉంటుంది.

ఇంకో సంగతి కచ్చితంగా చూడాలి. తోలు మీద గుండుసూదితో పొడిచినట్టు చిన్న రంధ్రాలుంటే అది ముక్కుపురుగు పని. పురుగు తొలిచిన గడ్డ తనను తాను కాపాడుకోవడానికి చేదు పదార్థాలు తయారుచేసుకుంటుంది. అవి ఒంటికీ మంచివి కావు. పుచ్చు ఉన్నంత మేర కోసేసి మిగతాది వాడుకుందామనుకుంటే కుదరదు, చేదు చుట్టుపక్కలకీ పాకి ఉంటుంది, ఎంత బెల్లం పోసినా పోదు. ఒక్క ముక్క చాలు ట్రే మొత్తం మీద విరక్తి పుట్టడానికి. అలాంటి గడ్డను మొత్తంగా పారేయండి.

సైజు విషయానికొస్తే, ఒక్కొక్కటి 150 నుంచి 200 గ్రాములు తూగేవి, మధ్యలో లావుగా రెండు కొసలూ సన్నగా ఉన్నవి తీసుకోండి. మరీ బొద్దుగా, గుండ్రంగా ఉన్నవాటిలో నార ఎక్కువ. నలుగురికి కిలో సరిపోతుంది.

ఇంటికి తెచ్చాక ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. ఇది వేడి ప్రాంతపు పంట, సుమారు 12 డిగ్రీల కంటే చల్లగా ఉన్నచోట నాలుగు రోజులుంటే గడ్డ లోపల దెబ్బతింటుంది. ఆ తర్వాత ఎంతసేపు ఉడికించినా నడుమ గట్టి ముద్దలా మిగిలిపోతుంది. ఉడకని గెనుసుగడ్డ గురించి ఎవరైనా చెబితే నేను ముందు అడిగేది ఫ్రిజ్ గురించే. మట్టి దులిపి, కడగకుండా, గాలి తగిలే బుట్టలో నీడన ఉంచితే రెండు మూడు వారాలు నిక్షేపంగా ఉంటాయి. కడిగేది వండే రోజే.

బెల్లం సంగతి

ఈ వంటకు ప్రాణం బెల్లం. అచ్చులు అచ్చులుగా పసుపు రంగులో మెరిసిపోయే బెల్లం చూసి మోసపోకండి. ఆ రంగు కోసం బట్టీ దగ్గర హైడ్రోస్ అనే రసాయనం కలిపే అలవాటు చాలా చోట్ల ఉంది. ముదురు తేనె రంగులోనో, ఇంకా నల్లగానో ఉండేది రుచికీ మంచిది, పాకానికీ మంచిది. చిత్తూరు జిల్లాలో నల్లబెల్లానికి ఎప్పటినుంచో పేరుంది. ఆ పేరులో కొంత చెడ్డపేరు కూడా కలిసి ఉంది లెండి. అంగట్లో ఒకేసారి ఐదు కిలోల నల్లబెల్లం అడిగారంటే ఆయన మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు, నాటుసారా బాపతేమో అని. మనకు కావలసింది 100 గ్రాములే కాబట్టి ఆ భయం లేదు.

పంచదార వాడొచ్చా? వాడొచ్చు, కానీ తీపి తప్ప ఇంకేమీ రాదు. బెల్లంలోని ఆ కాస్త ఉప్పదనం, కాస్త చేదు, చెరకు వాసన కారంతో కలిసినప్పుడే అసలు రుచి. తేనె ఇంకా త్వరగా మాడుతుంది, పైగా ఖర్చు. సీసాల్లో వచ్చే తీపి చిల్లీ సాస్ అయితే నాకసలు నచ్చదు. అది పోస్తే గెనుసుగడ్డా ఒకటే, గోబీ మంచూరియా ఒకటే.

కావలసినవి

గడ్డలకు: కిలో గెనుసుగడ్డలు, రెండు టేబుల్ స్పూన్ల చెనిక్కాయల నూనె, ఒక టీస్పూన్ ఉప్పు.

పాకానికి: 100 గ్రాముల బెల్లం, చిన్న ఉసిరికాయంత చింతపండు, టీస్పూనున్నర కారం, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, వేలి కణుపంత అల్లం, అర టీస్పూన్ ఉప్పు, ఒక టేబుల్ స్పూన్ నూనె, వేయించి దంచిన జీలకర్ర అర టీస్పూన్, పది మిరియాలు.

పైన చల్లడానికి రెండు స్పూన్ల వేయించిన నువ్వులు, లేదా గుప్పెడు వేయించిన చెనిక్కాయ పప్పులు, ఒక రెమ్మ కరివేపాకు.

కారం గురించి ఒక్క మాట. గుంటూరు కారం ఒక్కటే వేస్తే మంట వస్తుంది కానీ రంగు ఇటుకపొడిలా ఉంటుంది. సగం గుంటూరు, సగం బ్యాడిగి కలిపితే మంట దిగుతుంది, ఎరుపు పెరుగుతుంది. ఇంట్లో పిల్లలుంటే మొత్తం బ్యాడిగి వేసినా నష్టం లేదు.

కోయడం

గడ్డలను కొబ్బరిపీచుతో రుద్ది కడగండి. తోలు తీయక్కర్లేదు. కాలాక ఆ తోలే కాస్త కరకరలాడుతుంది, ముక్కను పట్టి ఉంచుతుంది. రెండు కొసలూ కోసి పారేయండి, నార అంతా అక్కడే ఉంటుంది. తర్వాత ముక్కలన్నీ అంగుళం మందంలో ఉండేలా కోయండి. ఆకారం ఎలా ఉన్నా పరవాలేదు, మందం మాత్రం ఒకటే ఉండాలి. ఒకటి సన్నగా, ఒకటి లావుగా ఉంటే సన్నది మాడేసరికి లావుది పచ్చిగా ఉంటుంది. నేను ముందు నిలువుగా రెండు చేసి, ఆ తర్వాత ఏటవాలుగా కోస్తాను. అలా కోస్తే ట్రేకి ఆనే మొహం పెద్దదవుతుంది, ఎర్రగా కాలే భాగం పెరుగుతుంది.

కోసేటప్పుడు వచ్చే పాలు చేతికి అంటుకుని నల్లగా మారతాయి, సబ్బుకు ఓ పట్టాన పోవు. ముందే అరచేతులకు కాస్త నూనె రాసుకుంటే గొడవ ఉండదు. కోసిన ముక్కలు గాలికి నల్లబడకుండా ఉప్పు నీళ్ళలో వేయండి. పది నిమిషాలు చాలు. తీశాక పొడి గుడ్డ మీద పరిచి బాగా తుడవండి. ఈ తుడవడం దగ్గర బద్ధకిస్తే తర్వాత చేసేదంతా దండగ. తడి ముక్క ముందు ఆవిరికి ఉడుకుతుంది, ఆ నీళ్ళన్నీ ఆరేదాకా ఎర్రబడదు.

నిదానంగా మొదలుపెట్టాలి, ఎందుకంటే

పచ్చి గెనుసుగడ్డ కొరికి చూడండి, పెద్ద తీపేమీ ఉండదు. ఆ తీపిలో ఎక్కువ భాగం వేడి తగిలాకే పుడుతుంది. గడ్డలో బీటా ఎమైలేస్ అనే ఎంజైమ్ ఉంటుంది. లోపలి వేడి సుమారు 60 నుంచి 75 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు అది చురుగ్గా పనిచేసి పిండిపదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. వేడి అంతకంటే పెరిగితే ఎంజైమ్ చచ్చిపోతుంది, అప్పటికి ఎంత తీపి తయారైతే అంతే. మైక్రోవేవ్‌లో ఐదు నిమిషాల్లో ఉడికించిన గడ్డ చప్పగా ఉండడానికీ, పల్లెల్లో పొయ్యి ఆరాక వేడి బూడిదలో కప్పెట్టిన గడ్డ తేనెలా ఉండడానికీ కారణం ఇదే. బూడిద వేడి నెమ్మదిగా లోపలికి దిగుతుంది, ఎంజైమ్‌కు కావలసినంత వ్యవధి దొరుకుతుంది.

అందుకని ఓవెన్‌ను ముందే బాగా వేడి చేయాలన్న మామూలు రూలు ఇక్కడ పక్కన పెట్టండి.

ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) కాల్చడం

తుడిచిన ముక్కలకు నూనె, ఉప్పు పట్టించండి. ట్రేలో బటర్ పేపర్ వేసి, కోసిన మొహం కిందికి ఉండేలా ముక్కలు పరవండి. ఒకదాని మీద ఒకటి ఉండకూడదు, ముక్కకూ ముక్కకూ మధ్య వేలు దూరేంత సందు ఉండాలి. కిలో ముక్కలు ఒకే ట్రేలో పట్టకపోతే రెండు వాయిలు వేయండి. ఇరికిస్తే అది కాల్చడం కాదు, ఆవిరికి ఉడికించడం.

పైన ఫాయిల్ కప్పి, ట్రేని చల్లటి ఓవెన్‌లోనే పెట్టి 150 డిగ్రీలకు తిప్పండి. 25 నిమిషాలు అటువైపు చూడొద్దు. ఈ టైంలో ముక్కలు మెల్లగా వేడెక్కి లోపల తీపి తయారవుతుంది.

తర్వాత ఫాయిల్ తీసేసి వేడి 210కి పెంచండి. ఇంకో 20 నుంచి 25 నిమిషాలు. మధ్యలో ఒక్కసారి తిప్పండి. పది నిమిషాల కంటే ముందు తిప్పబోతే ముక్క పేపర్‌కు అంటుకుని చిరుగుతుంది. ఎర్రబడ్డాక అదే వదులుతుంది. అంచులు గోధుమరంగుకు వచ్చి, చాకు మొన గుచ్చితే అడ్డం లేకుండా దిగితే గడ్డ సిద్ధం. అక్కడక్కడా జిగటగా ముదురు రంగు బుడగలు కనిపిస్తాయి. అది గడ్డ లోపలి చక్కెరే బయటికి వచ్చి కాలడం. దాన్ని చూసి మాడిందని భయపడకండి, అది మంచి లక్షణం.

కరెంటు బిల్లు గురించి టెన్షన్ పడేవాళ్ళకు: 1500 వాట్ల ఓటీజీ గంటసేపు ఆగకుండా నడిచినా ఒకటిన్నర యూనిట్. మధ్యమధ్యలో తనంతట తానే ఆగుతుంది కాబట్టి అంత కూడా కాదు.

ఈలోపు పాకం

వేడి పెంచి ఫాయిల్ తీసిన వెంటనే పాకం మొదలుపెడితే రెండూ ఒకే సమయానికి అందుతాయి.

చింతపండును పావు కప్పు వేడినీళ్ళలో ముందే నానబెట్టి, చిక్కగా రసం పిండుకోండి. బెల్లాన్ని దంచి అర కప్పు నీళ్ళలో కరిగించి వడగట్టండి. ఎంత మంచి బెల్లమైనా వడగట్టాల్సిందే, అడుగున ఇసుకో చెరకు పిప్పో కనబడుతుంది. పంటి కింద ఒక్క రాయి పడితే ఈ కష్టమంతా బూడిదలో పోసినట్టే.

గిన్నె స్టీలుది తీసుకోండి. చింతపండు పులుపు అల్యూమినియంతో పడదు, ఇనుములో ఎక్కువసేపు ఉడికితే పాకం నల్లగా, ఇనుము రుచితో తయారవుతుంది.

గిన్నెలో టేబుల్ స్పూన్ నూనె వేసి సన్నమంట మీద కచ్చాపచ్చాగా దంచిన వెల్లుల్లి, అల్లం వేయండి. వెల్లుల్లి అంచులు బంగారు రంగుకు తిరగ్గానే పొయ్యి ఆర్పేయండి. ఆ నూనె వేడి కాస్త తగ్గనిచ్చి అప్పుడు కారం వేసి ఒక్క తిప్పు తిప్పండి. నూనె ఎర్రగా మారుతుంది. మిరప మంటకు కారణమైన పదార్థం నీటిలో కంటే నూనెలో బాగా కరుగుతుంది, రంగూ అంతే. అందుకే కారాన్ని నేరుగా పాకంలో వేయకుండా ముందు నూనెకు చూపించడం. కానీ కారం మాడడానికి పది సెకన్లు చాలు, కాబట్టి బెల్లం నీళ్ళు పక్కనే రెడీగా పెట్టుకుని వెంటనే పోసేయండి. చుర్రుమని పైకి చిమ్ముతుంది, మొహం దూరంగా ఉంచండి.

మళ్ళీ పొయ్యి వెలిగించి చింతపండు రసం, ఉప్పు వేసి మధ్యస్థంగా మండనివ్వండి. చింతపండు పులుపు కోసం మాత్రమే కాదు. పులుపు తగిలిన బెల్లం పాకం చల్లారాక గింజకట్టదు, నున్నగా మెరుస్తుంది. మొదట పెద్ద పెద్ద నురగ బుడగలు లేచి, నాలుగైదు నిమిషాలకు బుడగలు చిన్నవై, చిక్కగా, మెల్లగా పేలడం మొదలవుతుంది. అప్పటినుంచి పక్కకు కదలొద్దు.

ఎక్కడ ఆపాలనేదే ఇందులో అసలు నేర్పు. అరిసెలకో పప్పు చెక్కీకో పాకం పట్టే చేయి అయితే తీగపాకం దాటి ముదురుపాకం దాకా పోనిస్తుంది. ఇక్కడ అది ఎక్కువ. స్పూన్ వెనక భాగాన్ని ముంచి తీసి, వేలితో అడ్డంగా గీత గీయండి. గీత రెండు పక్కలా కలిసిపోకుండా నిలిస్తే చాలు, దించేయండి. ఇంకో పరీక్ష: చల్లటి పళ్ళెంలో ఒక చుక్క వేసి వంచితే నీళ్ళలా పరుగెత్తకుండా, అలాగని కదలకుండా కూర్చోకుండా, నింపాదిగా జారాలి. వేడిగా ఉన్నప్పుడు కాస్త పల్చగా అనిపించినా చల్లారితే చిక్కబడుతుంది, ఓవెన్‌లో ఇంకా బిగుస్తుంది. తీగ దాటితే మాత్రం ముక్కల మీద కమ్మర్‌కట్టులా గట్టిపడి పంటికి అతుక్కుంటుంది. చిక్కబడిపోయిందనుకుంటే రెండు స్పూన్ల వేడినీళ్ళు పోసి కలపండి, సరిపోతుంది.

దించాక జీలకర్ర పొడి, దంచిన మిరియాలు వేయండి. రుచి చూసేముందు ఆ చుక్కను చల్లారనివ్వండి. మరిగే బెల్లం నాలుకను పట్టుకుంటే వదలదు. పాకం ఒక్కటే నాకినప్పుడు పులుపు, ఉప్పు ఒక పిసరు ఎక్కువైనట్టు అనిపించాలి. గడ్డ తీపి దాంతో కలిసేసరికి సమమవుతుంది. పాకమే సమంగా ఉంటే చివరికి పాయసం తిన్నట్టుంటుంది.

పూత

ఓవెన్ నుంచి ట్రే తీసి వేడిని 190కి తగ్గించండి. ముక్కలన్నిటినీ పెద్ద గిన్నెలోకి వేసి పాకంలో కలిపేయాలని చేయి ఆత్రపడుతుంది. అలా చేస్తే మెత్తటి ముక్కలు అంచులు విరిగి ముద్దవుతాయి. ట్రేలోనే బ్రష్‌తోనో స్పూన్‌తోనో పాకంలో సగాన్ని ముక్కల మీద పూయండి. ఐదు నిమిషాలు ఓవెన్‌లో పెట్టి, తీసి, ముక్కలు తిప్పి మిగిలిన దాంట్లో ముప్పాతిక భాగం పూయండి. మళ్ళీ నాలుగైదు నిమిషాలు. ఈ రెండో విడతలో ఓవెన్ అద్దం ముందే నిలబడండి. పాకం బుడగలు లేచి, అంచుల్లో ముదురు ఎరుపుకు తిరిగే క్షణం ఒకటుంటుంది. బెల్లంలో ఉండే చక్కెరల్లో కొన్ని పంచదార కంటే తక్కువ వేడికే మాడతాయి కాబట్టి ఆ క్షణానికీ నల్లబడడానికీ మధ్య నిమిషం కూడా ఉండదు.

బయటికి తీసిన వెంటనే నువ్వులో, పలుకులుగా దంచిన చెనిక్కాయ పప్పులో చల్లండి. పూత జిగటగా ఉన్నప్పుడే అవి అతుక్కుంటాయి. అర స్పూన్ నూనెలో కరకరలాడేలా వేయించిన కరివేపాకు పైన నలపండి. ఐదు నిమిషాలు ఆగండి, పూత కుదురుకుంటుంది. మిగిలిన ఆ కాస్త పాకాన్ని పక్కన చిన్న గిన్నెలో పెడితే అద్దుకుని తినేవాళ్ళు తింటారు.

ఓవెన్ లేని ఇంట్లో

నిజానికి ఎక్కువ ఇళ్ళలో ఉండేది గ్యాస్ పొయ్యే. దానికి మందపాటి ఇనప పెనమో, వెడల్పాటి ఇనప బాండ్లియో కావాలి. ముక్కలను అంగుళం కాకుండా ముప్పావంగుళం మందంలో చక్రాలుగా కోయండి. రెండు స్పూన్ల నూనె వేసి, ముక్కలు ఒక వరసే పరిచి, మూత పెట్టి బాగా సన్నమంట మీద 15 నిమిషాలు ఉంచండి. నీళ్ళు పోయొద్దు, గడ్డలో ఉన్న తేమే చాలు. మూత మీద చేరిన నీళ్ళు ముక్కల మీద పడకుండా మూతను పక్కకు వంచి తీయండి. తిప్పి, ఇంకో ఏడెనిమిది నిమిషాలు మూత పెట్టి, ఆ తర్వాత మూత తీసేసి మంట మధ్యస్థానికి పెంచి రెండు వైపులా ఎర్రగా కాల్చండి. చివర్లో పాకం పోసి పెనాన్నే పట్టుకుని ఊపండి, గరిటె పెట్టొద్దు. రెండు నిమిషాల్లో పూత అంటుకుంటుంది, వెంటనే పళ్ళెంలోకి తీసేయండి. ఇనుములో పులుపును అంతకుమించి ఉంచకూడదు. తినేటప్పుడు నాకైతే ఓటీజీలో చేసినదానికీ దీనికీ పెద్ద తేడా కనిపించదు, అడుగు పట్టిన వైపు దీనిదే బాగుంటుందేమో కూడా.

ఎయిర్ ఫ్రయ్యర్‌లో అయితే 160 డిగ్రీల దగ్గర 12 నిమిషాలు, 190 దగ్గర 8 నిమిషాలు, పూత వేసి 3 నిమిషాలు. లోపలి గాలి వేగానికి పాకం త్వరగా ఎండుతుంది కాబట్టి ఒక్క విడతే పూయండి.

బొగ్గుల కుంపటి ఉన్నవాళ్ళ అదృష్టమే వేరు. గడ్డలను కోయకుండా, కడిగి ఆరబెట్టి, మంట పోయి పైన బూడిద కప్పిన నిప్పుల్లో పెట్టి, పది నిమిషాలకోసారి దొర్లిస్తూ 40 నిమిషాలు కాల్చండి. నొక్కితే మెత్తగా లోపలికి పోవాలి. బూడిద దులిపి, నిలువుగా చీల్చి, లోపలి తెల్లటి గుజ్జు మీద పాకం పోసుకుని స్పూన్‌తో తినడమే. ఇక్కడ పూతను కాల్చే పని లేదు కాబట్టి పాకాన్ని ఒక నిమిషం ఎక్కువ కాచి చిక్కగా ఉంచండి.

ఎక్కడ తేడా కొడుతుంది

ముక్కలు మెత్తగా ఉడికాయి కానీ ఎర్రబడలేదంటే ట్రేలో ఇరుకైనా అయ్యుండాలి, తుడవడం చాలకపోయినా అయ్యుండాలి. ఆ పూటకు పాకం వేయకుండా ఇంకో పది నిమిషాలు 220లో ఉంచి చూడండి. పూత ముక్కకు పట్టకుండా కిందికి కారి ట్రేలో మడుగు కట్టిందంటే పాకం పల్చన, దాన్ని తిరిగి గిన్నెలోకి వంపి రెండు నిమిషాలు కాచండి. పూత చేదెక్కితే మాత్రం చేయగలిగింది లేదు. మాడిన బెల్లానికి నిమ్మరసం పిండినా, ఇంకాస్త బెల్లం వేసినా ఆ చేదు దాగదు. ముక్కల పై భాగం గీకేసి లోపలి గడ్డను ఉప్పు, మిరియాలతో తినేయండి.

ఉపవాసానికి, షుగర్ ఉన్నవాళ్ళకు

శివరాత్రి ఉపవాసానికి చేయాలంటే అల్లం ఉంచి వెల్లుల్లి తీసేయండి. కారం బదులు ఒకటిన్నర టీస్పూన్ల మిరియాల పొడి వేసి, ఉప్పు మీ ఇంటి ఆచారం ప్రకారం. మిరియాల మంట గొంతులో ఆలస్యంగా తెలుస్తుంది, బెల్లంతో చక్కగా కలుస్తుంది. మామూలు రోజుల్లో కూడా కొందరికి ఇదే ఎక్కువ నచ్చుతుంది.

షుగర్ ఉన్నవాళ్ళు ఈ వంట జోలికి పెద్దగా రాకపోవడమే మంచిది. గెనుసుగడ్డ మంచిదని అందరూ అంటారు, నిజమే, కానీ అది ఉడకబెట్టినదాని గురించి. అదే గడ్డను కాలిస్తే రక్తంలో చక్కెర ఇంకా వేగంగా పెరుగుతుంది, దానిపైన మనం బెల్లం కూడా పూస్తున్నాం. వాళ్ళకు విడిగా నాలుగు ముక్కలు ఉడకబెట్టి, మిరియాలు, ఉప్పు, నిమ్మరసం చల్లి ఇవ్వండి. ఎంత తినొచ్చో వాళ్ళ డాక్టర్ చెప్పినట్టు.

వడ్డించడం, మిగిలితే

సాయంత్రం టీతో, పక్కన గుప్పెడు బొరుగులు పెట్టుకుని తింటే వేరే చిరుతిండి అక్కర్లేదు. భోజనంలోకైతే పెరుగన్నానికి మించిన జోడీ లేదు. చల్లటి పెరుగు, వేడి గడ్డ, అంటుకున్న కారం ఒక ముద్దలో పడితే మామిడికాయ ఊరగాయ జ్ఞాపకం రాదు. పప్పన్నంలోకీ పరవాలేదు. సాంబారన్నంలోకి మాత్రం వద్దు, దాంట్లో పులుపు, దీంట్లో పులుపు కలిసి రెండూ పాడవుతాయి.

ముందుగా చేసి పెట్టుకోవాలంటే పాకం చేసి సీసాలో పోస్తే ఫ్రిజ్‌లో వారం దాకా ఉంటుంది. వాడేముందు సీసాను వేడినీళ్ళ గిన్నెలో నిలబెడితే జారుగా అవుతుంది. గడ్డలను కూడా పొద్దున్నే కాల్చి బయట ఉంచుకుని, చుట్టాలు వచ్చే పావుగంట ముందు పూత వేసి వేడి చేయొచ్చు. పూత వేసి ఉంచితే మాత్రం గంటకల్లా నీరు వదిలి మెత్తబడతాయి.

తినగా మిగిలినవి (కాల్చినవాటికి ఫ్రిజ్ భయం లేదు, అది పచ్చి గడ్డలకే) డబ్బాలో పెట్టి మర్నాడు పొద్దున చిదిమి, ఉల్లిపాయ, కొత్తిమీర కలిపి దోసె మధ్యలో ఆలుగడ్డ కూర బదులు పెట్టండి. దోసె మీద ముందు కాస్త ఎర్రకారం పూస్తే ఇంకా బాగుంటుంది. గోధుమపిండిలో కలిపి చపాతీ చేసేవాళ్ళు నీళ్ళు బాగా తగ్గించి కలపండి, పాకం తడికి పిండి జారిపోతుంది.